కొన్న నీళ్లు

ఆకివీడులో బస్సు దిగేసరికి వాన. భుజాన పాత కిట్ బ్యాగు, జేబులో నియామకపు కాగితం. నేను ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యాను. తాడేపల్లిగూడెంలో మా వీధివాళ్లు మాత్రం ఎప్పుడో మేజరును చేసేశారు. ఆ లెక్కన ఈ పోస్టింగు డిమోషనే. దోమల నివారణ దళానికి సూపర్‌వైజరు, ఒక వానాకాలం పాటు.

శత్రువు వివరాలు: నల్లటి ఒళ్లు, కాళ్లకు తెల్లచారలు, దాడి పగటిపూట. వెనకటికి ఆఫ్రికా నుంచి ఓడల్లో, తాగునీటి పీపాల్లో బయల్దేరి లోకమంతా దిగిందంటారు. మురుగు దానికి గిట్టదు. మంచినీళ్లే కావాలి. డెంగీ తెస్తుంది.

మా బలగం: పొగమిషను ఆపరేటరు, ఆశా వర్కరు, నేను. పొగ వేస్తే జనం సంతోషించేవారు. దోమలు కూడా పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. దాంతో ఏలూరు ఆఫీసు నుంచి ఆర్డరు మారింది: దోమపురుగున్న నీళ్లు ఎక్కడ కనబడితే అక్కడే పారబోయించండి.

కొల్లేట్లో ఒక లంక. చేపల చెరువు గట్టు మీద నడుస్తున్నాం. చీలమండల దాకా బురద. ఎటు చూసినా నీళ్లే.

"మేజరు గారండీ, యుద్ధంలో బూటు ఊడొచ్చేస్తే ఏం చేసేవారండీ?" అన్నాడు ఆపరేటరు.

"లొంగిపోయేవాళ్లం."

గట్టు చివర కాపలా గుడిసె. కాపలాదారు డెంగీతో పడి, ఏలూరు ఆసుపత్రి నుంచి ముందురోజే ఇల్లు చేరాడు. మంచం దిగలేకపోతున్నాడు. అతనికి ప్లేట్‌లెట్లు ఎక్కించడానికి గేదెను అమ్మేశారని ఆశా వర్కరు చెప్పింది. చేపలు పట్టే రోజు దగ్గరపడింది. అప్పటికి అతను లేచి గట్టు మీద తిరగకపోతే చెరువు షావుకారు ఇంకో మనిషిని పెట్టుకుంటాడు.

గుడిసె వెనక నీలం డ్రమ్ము, మూత పగిలింది. టార్చి వేశాను. పురుగు మెలికలు తిరుగుతోంది. బూటుతో ఒక్క తాపు తన్నాను. డ్రమ్ము చక్కగా దొర్లింది. పరేడ్ గ్రౌండులో కూడా నాకంత పేరు రాలేదు.

ఫోను మోగింది. ఏలూరు.

"ఎంతవరకు వచ్చిందండీ?"

"ఒక డ్రమ్ము పారబోశాం."

"గుడ్."

కాపలాదారు భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోపలికెళ్లి చెంబులోంచి స్టీలు గ్లాసు నిండా వంచి తెచ్చింది.

"వానలో పడి వచ్చారు. పుచ్చుకోండి మిలటరీ గారూ. కాచిన నీళ్లేనండీ."

గుక్క తిప్పుకోకుండా తాగేశాను. లోపల మంచం మీంచి గొంతు వినబడింది. "నీళ్లియ్యవే."

ఆమె చెంబు వంచింది. ఏమీ రాలేదు.

"డ్రమ్ములోవే వడగట్టి, కాచి, ఆయనకని పెట్టేనండీ. నీళ్ల ఆటో ఎల్లుండి గానీ రాదండీ," అంది. నా ముఖం చూసి మళ్లీ తనే, "ఫర్లేదండీ. పురుగులున్నాయి కదండీ. మీరు మంచికే చేశారు," అంది.

చెరువు నీళ్లు నోట పెట్టలేం కనుక లంకల్లో తాగే నీళ్లు కొనుక్కుంటారు. గూడెంలో పుట్టినవాణ్ణి, నాకది తెలుసు. రాజస్థాన్ ఇసుకలో కాపలా కాసినప్పుడు వాటర్ బాటిల్ మూతకు అంటిన తడి కూడా వదలలేదు. అదీ గుర్తుంది. బూటు ఎత్తినప్పుడు మాత్రం ఈ రెండూ సెలవులో ఉన్నాయి.

ఆశా వర్కరు తన సంచిలోని సీసా ఇచ్చింది. ఆపరేటరు బండేసుకుని ఆకివీడు వెళ్లి రెండు మంచినీళ్ల టిన్నులు తెచ్చాడు. ఆర్డరు తప్పేమీ కాదు. ఆ డ్రమ్ము ఇంకో నాలుగు గుడిసెలకు జ్వరం పంచేదే. నేను చేసింది సరైన పని కావడమే నాకు మింగుడుపడదు.

చేపలు పట్టిన రోజు అటువైపు వెళ్లాం. గట్టు మీద వేరే మనిషి తిరుగుతున్నాడు. గుడిసెలో వేరే సంసారం.

వానాకాలం అయ్యాక గూడెం వచ్చేశాను. "ఏం సాధించారు మేజరు గారూ?" అంటారు వీధివాళ్లు. దోమల్ని తరిమాం అంటాను. నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇంట్లో ఎవరైనా గ్లాసు అందిస్తే మాత్రం ఆమే కనబడుతుంది. చెంబు బోర్లించి, అడుగున అరచేత్తో మెల్లగా తడుతూ, ఒక్క చుక్కయినా రాలుతుందేమోనని చూస్తూ. ఎదురుగా నేను, మూతి తుడుచుకుంటూ.