అత్తగారి దవడ ఎవరు తిన్నారు?

కట్టుడు పళ్ళు చేయడంలో పళ్ళాయనకి ఎంత పేరుందో అంత పొగరూ ఉంది. తన చేతికొచ్చిన ప్రతి నోటికీ ప్లాస్టర్ అచ్చు పోసి, కొట్టు వెనకగదిలో అరల నిండా దాచాడు. "మనిషి మాట మారుస్తాడు, అచ్చు మార్చదు" అనేవాడు.

అలాంటివాడి కొంప ముంచడానికి శత్రువులక్కర్లేదు, పిల్లనిచ్చిన అత్తగారు చాలు. ఆవిడ కింది పళ్ళ సెట్టు వదులైంది. మాట్లాడితే చాలు, గెంతుతోంది. ఆవిడ మాట్లాడనిదెప్పుడు గనక?

"అల్లుడూ, నువ్వు కట్టింది పళ్ళా, తాళంచెవుల గుత్తా? నోట్లో గలగలమంటోంది."

"సెట్టుకేం కాలేదత్తయ్యా. మీరే నోరు కాస్త తక్కువ వాడండి."

"అయితే ఎదురు పళ్ళకొట్టువాడి దగ్గరికే పోతా. వీధంతా చూసేలా పోతా."

పళ్ళాయన ఎదురు కొట్టు వైపు ఓసారి చూశాడు. సొంత అత్తగారే ఎదురు కొట్టు మెట్లెక్కితే ఇక తన గుమ్మం తొక్కేదెవరు? ఏళ్ళ కిందటి ఆవిడ అచ్చు దుమ్ము దులిపి, దాని మీదే కొత్త సెట్టు కట్టాడు. అచ్చు మీద అది అతికినట్టు కూర్చుంది. అత్తగారి నోట్లోంచి మాత్రం మొదటి తుమ్ముకే ఎగిరి అల్లుడి ఒళ్ళో పడింది.

ఆవిడ లేచి చెప్పులేసుకుంది.

"ఒక్కసారి కూర్చోండత్తయ్యా, మీకు దణ్ణం పెడతా!" అని బతిమాలి, నోటికి కొత్త అచ్చు తీశాడు. పాతదాని పక్కన పెట్టి నోరెళ్ళబెట్టాడు. పాత అచ్చులో గట్టులా నిలబడ్డ దవడ, కొత్తదాంట్లో అరిగి చదునైపోయింది.

దేహం దేవాలయమని చెప్పేవాళ్ళని ఆ రెండు అచ్చుల ముందు కూర్చోబెట్టాలి. దేవాలయం కాదు, పరమ పిసినారి కాపురం. ఎముకని కూల్చే కణాలూ కట్టే కణాలూ ఒంట్లో రోజూ పనిలోనే ఉంటాయి. పళ్ళు పోయాక దవడకి నమిలే పని తగ్గుతుంది; అక్కడ కూల్చేవాళ్ళదే పైచేయి. ఖాళీగా పడున్న వాసాన్ని ఊడబీకి, అందులోని కాల్షియాన్ని రక్తంలో కలిపేస్తారు.

"నా దవడనెవరు తిన్నారు?" అంది అత్తగారు.

"మీ ఒళ్ళే తినేసిందత్తయ్యా."

"పళ్ళు లేకుండానా!"

పళ్ళాయనకి నవ్వాగలేదు. "తప్పు నాదే. అచ్చునే నమ్మాను, నోరు చూడలేదు."

"పోనీలే. మేమూ నీ ఫోటో చూసే పిల్లనిచ్చాం."

కొత్త అచ్చు మీద కట్టిన సెట్టు పెట్టుకుని ఆవిడ నేరుగా ఎదురు కొట్టు ముందుకే వెళ్ళింది. వీధంతా చూసేలా నిలబడి, ఆపిల్ పండుని కరకరా కొరికింది.

"మెల్లగా అత్తయ్యా!" గుమ్మంలోంచి కేకేశాడు అల్లుడు. "లోపల కూల్చేవాళ్ళింకా పని మానలేదు!"

ఆవిడ పాత అచ్చు ఇప్పుడు వెనకగది తలుపు మూసుకుపోకుండా అడ్డం ఉంటోంది.