పసుపు గీత

1984. ఆదోని ఊరి బయట ఒక పాత పత్తి గోడౌన్లో ఇంజనీరింగ్ కాలేజీ నడిచేది. ఇప్పుడది లేదు, పేరు చెప్పి ప్రయోజనమూ లేదు. నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి ఎలక్ట్రికల్ బ్రాంచికి పాఠాలు చెప్పేవాణ్ణి. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అని ఒక పేపరు ఉండేది, కంప్యూటర్ మాత్రం ఉండేది కాదు. నల్లబల్ల మీదే ప్రోగ్రాం రాసి, నల్లబల్ల మీదే నడిపించేవాళ్ళం. అది తలచుకుంటే నవ్వొస్తుంది. మెషీన్స్ ల్యాబ్ సంగతి తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మెషీన్స్ ల్యాబ్ అంటే మోటార్లు, జనరేటర్లు నడిపి చూసే గది. ఆ గది నేల మీద అడ్డంగా పసుపు పెయింటుతో ఒక గీత గీయించారు. గీతకు అవతల తిరిగే యంత్రాలు, ఇవతల ఒక బల్ల. ఆడపిల్లలు గీత దాటకూడదు. మగపిల్లలు మోటారు నడుపుతూ కేకేసి చెప్పే రీడింగులను బల్ల దగ్గర కూర్చుని రాసుకోవాలి. ఇదంతా సేఫ్టీ కోసమట. ఓణీలు బెల్టుల్లో చిక్కుకుంటాయట. రూలు పెట్టింది కాలేజీ చైర్మన్ గారు. ఊళ్ళో ఆయనకు జిన్నింగ్ మిల్లు ఉంది, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు. రూలు అమలు చేసేది మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారు. బెల్టు చుట్టూ ఇనుప జాలీ పెట్టిస్తే సరిపోతుంది కదండీ అని చేరిన కొత్తలోనే అడిగాను. "గీత ఉంది కదండీ, మళ్ళీ జాలీ ఎందుకు?" అన్నారు.

మూడో సంవత్సరంలో ఉరుకుందమ్మ అనే అమ్మాయి ఉండేది. వాళ్ళది గోనెగండ్ల. చేను ఎండిపోయిన ఏడు తల్లీకూతుళ్ళు ఆదోనికి వచ్చేశారు, తల్లి జిన్నింగ్ మిల్లులో కూలికి కుదిరింది. పిల్ల మెరిట్ సీటు, స్కాలర్‌షిప్ మీద చదువుతోంది. ఏ పరీక్ష తప్పినా స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అది ఆగితే చదువూ ఆగుతుంది.

గీతకు ఇవతల కూర్చునే ఆ పిల్ల అవతలి తప్పులు పట్టేది. "ఆ వైరు ఆర్మేచర్‌కప్పా, ఫీల్డుకు కాదు!" అని అరిచేది. ల్యాబులో కరెంటు పోతే మగపిల్లలు టీకి వెళ్ళేవాళ్ళు. నేను ఉరుకుందమ్మను గీత దాటి రమ్మనేవాణ్ణి. కరెంటు లేనప్పుడు అవి తిరిగే యంత్రాలు కావు కదా! రూలు తప్పినట్టూ కాదు. వైర్లన్నీ ఊడదీసి ఇచ్చేవాణ్ణి, మళ్ళీ కలిపేది. ఆ రోజుల్లో ఆదోనిలో కరెంటు పోవడానికి కొదవ లేదు, కాబట్టి బాగానే నేర్చుకుంది. తిరుగుతున్న మోటారు మీద మాత్రం ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు.

ప్రాక్టికల్ పరీక్షకు చీటీలు తీయిస్తారు. ఉరుకుందమ్మకు బ్రేక్ టెస్ట్ వచ్చింది. మోటారుకు బిగించిన డ్రమ్ము మీద బెల్టు వేసి, దాన్ని బిగిస్తూ పోతే మోటారు ఎంత బరువు లాగగలదో తెలుస్తుంది. ల్యాబు మొత్తంలో బెల్టు ఉన్న పరీక్ష అదే.

హెడ్ గారు చీటీ చూసి, ఆడపిల్లలకు ఎప్పుడూ చేసేట్టే, "మార్చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వండి, అది తిరగదు" అన్నారు.

వేరే కాలేజీ నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఒప్పుకోలేదు. "చీటీ మారిస్తే నేను సంతకం పెట్టను."

"అయితే మోటారు వేరే అబ్బాయి నడుపుతాడు, ఈ అమ్మాయి రాసుకుంటుంది."

"రాసినంత మటుకే మార్కులు వేస్తాను. పాస్ కాదు."

హెడ్ గారు పిల్ల వైపు తిరిగి, కాఫీ వద్దన్నంత తేలిగ్గా, "పోనీ, వచ్చే ఏడాది రాసుకోమ్మా" అన్నారు.

నాకు కోపం ఆగలేదు. "వచ్చే ఏడాది వరకు ఆ పిల్లను ఎవురు సదివిస్తారు సార్? మీరా?" అని అరిచేశాను.

"ఓణీ బెల్టులో పడితే నువ్వు జవాబు చెబుతావా?" అని ఆయనా అరిచారు.

అప్పుడు ఉరుకుందమ్మ మాట్లాడింది.

"సార్, పోయిన ఎండాకాలం సెలవల్లో మా యమ్మతో జిన్నుకు పోయినా. నా ఎనకాలే బెల్టు తిరుగుతాండె. ఈడిదానికంటే శానా పెద్దది సార్. దినమంతా ఆడనే నిలబడి పత్తి ఏసినా. ఇదే ఓణీ. ఆడ ఎవురూ గీత గీయలే."

"ఏ మిల్లు?" అన్నారు ఎక్స్‌టర్నల్.

"మన చైర్మన్ సార్ మిల్లే సార్."

ఉరుకుందమ్మ ఇంకెవరి అనుమతీ అడగలేదు. ఓణీ చెంగును నడుం చుట్టూ తిప్పి గట్టిగా దోపుకుంది, జడను ముడి వేసుకుంది, జిన్నులో ఆడవాళ్ళు చేసేట్టే. గీత దాటింది. వైర్లు కలిపింది. ఎక్స్‌టర్నల్ అన్నీ సరిచూసి తలూపారు. స్టార్టర్ పిడిని మెల్లగా తోయాలి, తొందరపడితే ఫ్యూజు పోతుంది. మా మగపిల్లలు ఎన్ని ఫ్యూజులు పోగొట్టారో! ఈ పిల్ల పిడిని నింపాదిగా చివరిదాకా తీసుకుపోయింది. మోటారు వేగం అందుకుంది. బెల్టు బిగిస్తూ, రాపిడికి కాలుతున్న డ్రమ్ములో నీళ్ళు పోస్తూ, రీడింగులు తనే చూసి తనే రాసుకుంది. పాసైంది.

మర్నాడు చైర్మన్ గారు నన్ను పిలిపించారు. హెడ్ గారు అన్నీ చెప్పేసినట్టున్నారు.

"ఏమప్పా, రూలు అంటే లెక్కలేదా నీకు?"

"ఉంది సార్. ఆ గీతేదో మీ మిల్లులో కూడా గీయించండి. లేకుంటే రెండు తావులా జాలీ పెట్టించండి."

ఆయనకు కోపం కూడా రాలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "వాళ్ళు అలవాటు పడినోళ్ళప్పా. ఇది కాలేజీ. ఈడ పిల్లకేమన్నా అయితే పేపర్లో వస్తాది."

ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పరు. అంతకు ముందు సేఫ్టీ అంటే నాకు ఫ్యూజులు, ఎర్తింగు, రబ్బరు చాపలు. ఆ గదిలో నేర్చుకున్న పాఠం వేరు. ఎవరైనా సేఫ్టీ అనగానే ఎవరి సేఫ్టీ అని ముందు అడగాలి. ఆ గీత పిల్లల్ని కాపాడటానికి గీసింది కాదు, చైర్మన్ గారి పేరును కాపాడటానికి గీసింది. ఆ ఏడాది చివర ఉద్యోగం మానేశాను. తర్వాత పనిచేసిన ప్రతి ల్యాబులోనూ పోట్లాడి జాలీ పెట్టించాకే పాఠం మొదలుపెట్టాను.

చైర్మన్ గారన్న మాట ఉరుకుందమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, కానీ మనసులో పెట్టుకోలేకపోయాను.

"అంటే సార్, ల్యాబులో నాకేమన్నా అయితే పేపర్లో వస్తాది, జిన్నులో అయితే రాదు" అంది. "రెండు తావులా ఉండేది నేనే కద సార్?"