అనుమానంగారి కట్ట, అత్తగారి మోకాళ్ళు

మా వీధి దర్జీని అందరూ అనుమానం అనే పిలిచేవారు. చాటున కాదు, మొహం మీదే. ఆయనా పలికేవాడు. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూసి, మళ్ళీ మలుపు దాకా వెళ్ళి, ఈసారి చూసి రమ్మని భార్యను పంపేవాడు. ఆవిడ ఇంట్లో ఉండగానే బయట తాళం పడిన రోజులూ ఉన్నాయి. చొక్కా కొలతలు తీసుకునేటప్పుడు, "మధ్యలో ఒళ్ళు చేస్తే?" అని అడిగి, కాదన్నా వినకుండా కుట్టు లోపల ఇంత గుడ్డ మడిచి పెట్టేవాడు. అందుకే మా వీధిలో అందరి చొక్కాలూ కాస్త బరువు.

వీధికి ఎగువన, రెండు గుట్టల మధ్య, మట్టితో పోసిన కట్ట ఒకటుంది. ఎప్పటివాళ్ళో గంపలతో మట్టి మోసి వేశారు. దాని వెనక వాన నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళతోనే దిగువ పొలాలు పండుతాయి. పొలాలతో పాటు మా ఇళ్ళూ దిగువనే ఉన్నాయన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టేది కాదు. ఒక ఏడు పై ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. కట్టను రోజూ నడిచి చూసేందుకు ఓ మనిషి ఉండాలని సభలో చెప్పింది. అందరూ నేల చూపులు చూస్తుంటే అనుమానం ఒక్కడే లేచి, "ఒకవేళ తెగితే?" అన్నాడు.

"అదుగో, మనిషి దొరికాడు" అన్నారు ప్రెసిడెంటుగారు. అనుమానం కూర్చునేలోపు చప్పట్లు కూడా అయిపోయాయి.

ఇంజనీరమ్మ ఆయన్ని కట్టంతా తిప్పి చూపించింది. చెట్లు మొలవనివ్వకూడదు, వేళ్ళు కుళ్ళితే నీళ్ళకు దారి అవుతాయి. ఎలుక బొక్క కనిపిస్తే తవ్వి, మట్టి వేసి గట్టిగా కూరాలి. ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు దగ్గర చెత్త చేరకూడదు. పొలాలకు నీళ్ళు వదిలే తూము తలుపును అప్పుడప్పుడూ తిప్పుతుండాలి, లేకపోతే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. కట్టకు దిగువ వైపు తడి కనిపిస్తే నీళ్ళ రంగు చూడాలి. తేటగా ఉంటే తనకు చెప్పాలి. బురదగా ఉంటే ముందు జనాన్ని లేపాలి, తర్వాత చెప్పాలి.

పుట్టిన దగ్గర్నుంచి ఆయన అనుమానానికి ఒక పని అంటూ దొరకడం అదే మొదలు. మిషను పక్కన పెట్టి తెల్లారగానే కట్ట ఎక్కేవాడు. అక్కడ నడిచే గేదెలను ఒక్కొక్కదాన్నీ విడిగా మందలించేవాడు. ప్రెసిడెంటుగారు తండ్రి జ్ఞాపకంగా కట్ట మీద వేయించిన సిమెంటు బల్లను, కాళ్ళు మట్టిలోకి దిగి నీరు ఇంకుతోందని, పెకలించి గుట్ట మీద పెట్టించాడు. "మా నాన్నను పోయాక కూడా కుదురుగా కూర్చోనివ్వడు" అని ప్రెసిడెంటుగారు కొన్నాళ్ళు మాట్లాడలేదు.

ఈ రోజుల్లోనే అనుమానం ఇంటికి అత్తగారు దిగింది. మోకాళ్ళ నొప్పులు, సొర విత్తనాలు, సొంత పార వెంట తెచ్చుకుంది. ఇంట్లో ఊరికే కూర్చోలేక కట్ట దిగువన బీడుగా ఉన్న చోట మడి కట్టి పాదులు పెట్టింది. ఎండాకాలం వచ్చి చుట్టూ గడ్డి మాడిపోయినా ఆ మడి మాత్రం పచ్చగా నవ్వుతూనే ఉంది. సొరకాయలు పసిపిల్లలంత అయ్యాయి. వీధంతా తిన్నది. అనుమానం కూడా తిన్నాడు. తిని చెయ్యి కడుక్కుంటూ ఉండగా ఆయనకు సందేహం వచ్చింది. మర్నాడు మడిలో వేలు గుచ్చి చూశాడు. నీళ్ళు ఊరాయి.

"అత్తయ్యగారూ, ఈ తడి ఎక్కడిది?"

"నేలలోంచి వస్తోంది."

"నేలలోకి ఎక్కణ్ణుంచి వస్తోందీ అని."

"అల్లుడుగారూ, తమరు సొరకాయ కూర మారు వడ్డించుకున్నప్పుడు ఈ ప్రశ్న అడగలేదే."

ఆవిడకు కోపం పెరిగిన కొద్దీ మర్యాద పెరిగేది. తమరు అన్నదంటే ఆ పూట ఇక ఆ ఊసు ఎత్తకూడదని ఆయనకు తెలుసు. నీళ్ళు తేటగా ఉన్నాయి కాబట్టి ఇంజనీరమ్మకు కబురు మాత్రం పెట్టాడు.

ఆవిడ వచ్చేలోపు మోకాళ్ళ సంగతి బయటికి పొక్కింది. ఆ తడిలో నిలబడి కలుపు తీస్తుంటే నొప్పులు తగ్గాయని అత్తగారు పక్కింటావిడతో అన్నది. పక్కింటావిడతో అనడమంటే మైకు పట్టుకుని అనడమే. వారం తిరక్కుండా మడి దగ్గర కుర్చీలు వెలిశాయి. ప్యాంట్లు పైకి మడుచుకుని పెద్దమనుషులంతా నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చున్నారు. పాదాలు సరిగా మునగడం లేదని ఎవరో గుంట తవ్వారు. మర్నాడు మరొకరు దాన్ని పిక్కల దాకా తవ్వారు. కట్ట మొదట్లో గుంట తవ్వడమంటే గోడ కింద పునాది లాగేయడమేనని అనుమానం నెత్తీనోరూ కొట్టుకున్నాడు. పాపం, ఆయనకు మోకాళ్ళ నొప్పులు లేవు, అందుకే కుళ్ళు అని తీర్మానించారు. ఆయన 'ప్రమాదం' అని బోర్డు రాసి పాతితే, నీళ్ళు మరీ ఘాటుగా ఉన్నాయి కాబోలని పొరుగూళ్ళ వాళ్ళూ రావడం మొదలుపెట్టారు.

ఇంజనీరమ్మ వచ్చింది. గుంట చూసి ఆవిడ మొహం మాడిపోయింది. పాపం ఆవిడకూ మోకాలు నొప్పే, కుంటుతూనే దిగింది. జనం బలవంతం మీద చెప్పులు విప్పి కాసేపు కాళ్ళు పెట్టింది. అందరూ ఊపిరి బిగబట్టి ఆవిడ మొహంలోకి చూశారు.

"హాయిగానే ఉంది. మూయించండి" అంది.

ఇసుక, కంకర లారీలతో తానే పంపిస్తానని, అందాకా తూము తెరిచి వెనక నీళ్ళ మట్టం తగ్గించమని చెప్పి వెళ్ళింది. ప్రెసిడెంటుగారు సభ పెట్టారు. వానాకాలంలో మోకాళ్ళు ఎక్కువ లాగుతాయి కాబట్టి, వానలు వెళ్ళాకే మూయాలని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. అనుమానం తూము తెరిచేవాడు. ఊట సన్నగిల్లిందని ఎవరో ఒకరు వెళ్ళి మూసేవారు.

వానలు ఒక్కసారిగా పట్టుకున్నాయి. కట్ట వెనక నీళ్ళు అలుగు అంచుదాకా వచ్చాయి. తెరిపి ఇచ్చిన ఓ పొద్దున గుంట చుట్టూ జనం గొడుగులతో కూర్చుని ఉన్నారు. అనుమానం కట్ట మీద నడుస్తున్నాడు. కింద మడిలోంచి అత్తగారి గొంతు మెల్లగా వినిపించింది.

"అల్లుడుగారూ, తమరు శ్రమ అనుకోకపోతే ఒక్కసారి ఇలా దయచేస్తారా? తమరు చెప్పిన రంగు ఇదేనేమో చూడండి."

అంత మర్యాద ఆవిడ నోట ఎన్నడూ వినలేదు. దిగి చూస్తే ఊట టీ రంగులో ఉంది. అడుగున సన్న మట్టి ఉడుకుతున్నట్టు పైకి లేస్తోంది. బతుకంతా దేని గురించి భయపడ్డాడో అది ఎదురుగా ఉంది. ఆయనకు అనుమానం లేని క్షణం అదొక్కటే. అనుమానం లేకుండా ఎలా మాట్లాడాలో తెలియక నీళ్ళు నమిలాడు.

"లేవండి. కట్ట తెగేలా ఉంది" అన్నాడు చివరికి.

ఎవరూ కదల్లేదు. రోజూ ఆయన అనే మాటేగా. ఇవాళ నీళ్ళలో సత్తువ దిగిందని ప్రెసిడెంటుగారు కాళ్ళు ఇంకాస్త లోపలికి పెట్టారు కూడా. అప్పుడు అత్తగారు కోయబోతున్న సొరకాయను పాదుకే వదిలేసి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, గుట్ట వైపు పరుగు తీసింది. ఆవిడ కాయ వదిలేసి వెళ్ళడం చూశాక జనానికి నమ్మకం కుదిరింది. మెట్లెక్కలేనివాళ్ళు, కర్ర లేనిదే నిలబడలేనివాళ్ళు, అందరూ గుట్టెక్కారు. ప్రెసిడెంటుగారు అందరికన్నా ముందు తండ్రిగారి బల్ల చేరుకున్నారు.

దర్జీ భార్య ఇల్లిల్లూ తిరిగి వీధి ఖాళీ చేయించింది. అంత హడావిడిలోనూ ఆయన, మనింటికి తాళం వేశావా అని అడిగాడు.

"వెయ్యలేదండీ. నీళ్ళొస్తే తలుపు విరగ్గొట్టుకుని రావడం దేనికి?" అంది.

ఆయన తూము పూర్తిగా తిప్పాడు. తలుపు మొరాయించకుండా లేచింది. ఊట నోట్లో బంకమట్టి కూరేద్దామని కుర్రకారు తట్టలతో వచ్చారు. ఫోనులో ఇంజనీరమ్మ ససేమిరా వద్దంది. "మూస్తే ఇంకోచోట పగులుతుంది. నీళ్ళను రానివ్వండి, మట్టిని రానివ్వకండి" అంది. ఆవిడ చెప్పినట్టే గుంట చుట్టూ మట్టి బస్తాలతో గట్టు పేర్చి, అందులో ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన లావు కంకర పోశారు. మేడ మీద మేడ వేద్దామని ప్రెసిడెంటుగారు ఇంటి ముందు పోయించుకున్న ఇసుక, కంకర మొత్తం అందులోకే వెళ్ళింది. గుట్ట మీంచి ఆయన చూస్తూనే ఉన్నారు. దిగి వద్దనడానికి మాత్రం మోకాళ్ళు సహకరించలేదు. సాయంత్రానికి బస్తాల మీదుగా జారే నీళ్ళు తేటపడ్డాయి. అనుమానం దోసిట పట్టి చూశాడు. చూసి, ఇంకోసారి పట్టి చూశాడు. తర్వాత ఆ తడిలోనే కూలబడి ఏడ్చాడు.

ఎండలు వచ్చాక ఇంజనీరమ్మ లారీలతో వచ్చి కట్ట మొదలంతా ఇసుక, కంకర, రాళ్ళు పరిపించి, ఊట నీళ్ళు బయటికి పోయేలా కాలవ తీయించింది. సొరపాదులు రాళ్ళ కింద పోయాయి. అత్తగారు ఆ ఎండాకాలమంతా అల్లుడితో మాట్లాడలేదు. పక్కనే కూర్చుని, "మీ ఆయన్ని కాస్త జరగమను" అని కూతురితో చెప్పించేది. వీధిలోనూ ఆయనకు పెద్దగా పేరేమీ రాలేదు. కట్ట ఎలాగూ తెగలేదు కదా, మా మోకాళ్ళు మాత్రం పాడుచేశాడు అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. తెగితే బాగుండేదని ఎవరూ అనడం లేదుగా అనేవాడు.

మళ్ళీ మబ్బులు పట్టే వేళకు ఒక పొద్దున అత్తగారు పార భుజాన వేసుకుని ఆయన వెనకే కట్ట ఎక్కింది. తమరి చూపు మీద నాకు నమ్మకం లేదు అంది. కొంత దూరం నడిచాక వంగి, గడ్డి పక్కకు తీసి, ఆయన కంటపడని ఓ బొక్కలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చింది.

"అత్తయ్యగారూ, లోపల పాముంటే?"

"ఉంటే ఈపాటికి తెలిసేది" అంటూ చెయ్యి బయటికి తీసింది. "చాలా లోతుంది. తవ్వుదాం, మట్టి తీసుకురా నాయనా."