పెద్దమ్మ పూలమడిలో నా పుదీనా

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మొక్కల గురించి నాకు తెలిసింది ఒక్కటే: నేను నాటితే చస్తాయి. అచ్చంపేటలో మా ఇంట్లో నేను పెట్టిన గులాబీ, మందారం, చివరికి చావే లేదని పేరుపడ్డ కలబంద కూడా నా చేతి చలువతోనే పోయాయి. (కలబందకు నీళ్లు ఎక్కువయ్యాయట. ప్రేమకొద్దీ పోశాను మరి.) అందుకే వనపర్తిలో గుమాస్తాగా చేరి, ఓ గది అద్దెకు తీసుకుని, పచ్చడికి ఆకు గిల్లుకున్నాక మిగిలిన పుదీనా కాడలను పెరట్లో గుచ్చినప్పుడు అవి బతుకుతాయన్న ఆశ నాకు ఇసుమంతైనా లేదు. మట్టి మెత్తగా ఉంది కదా అని ఇంటి యజమానురాలి కనకాంబరాల మడి అంచునే గుచ్చాను.

ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఒంటరి ఆడపిల్లకు గది ఇవ్వడానికి ఊళ్లో నలుగురు వెనకాడితే, ఆమె ఒక్కతే "వచ్చి ఉండు బిడ్డా" అంది. రాజోలిలోని పుట్టింటి నుంచి నారు తెచ్చి పెంచుకున్న ఆ కనకాంబరాలంటే ఆమెకు ప్రాణం. వానలు మొదలైనప్పుడు, గద్వాలలో ఉన్న కూతురు స్కూటీ మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. చేసిపెట్టడానికి బయలుదేరుతూ పెద్దమ్మ నాకు ఒకే పని అప్పగించింది.

"పూలమడి జర చూస్కో బిడ్డా. ఇంకేం జెయ్యకు."

చూశాను. నేను చూస్తుండగానే పుదీనా బతికింది. నా చేత్తో నాటింది ఒకటి బతికిందన్న సంబరంలో దానికి రోజూ నీళ్లు పోసి, చిగుళ్లు గిల్లి చాయ్‌లో వేసుకున్నాను. నెల తిరిగేసరికి అది మట్టి కింద తెల్లటి తీగలు సాగదీస్తూ మూరెడు దూరంలో ఒక తల, బారెడు దూరంలో మరో తల ఎత్తింది. రెండో నెలకు కనకాంబరాలు ఎక్కడున్నాయో నేను వెతుక్కోవలసి వచ్చింది. పెద్దమ్మ మాత్రం రోజూ ఫోన్ చేసేది.

"మడి ఎట్లుంది బిడ్డా?"

"మస్తు పచ్చగుంది పెద్దమ్మా."

(అబద్ధం ఆడలేదు.)

ఒక ఆదివారం పార తీసుకుని కసికొద్దీ నరికాను. నరికిన ముక్కలను గోడ అవతలికి విసిరేశాను. నేలలో మిగిలిన ప్రతి ముక్కా మొక్కయింది. గోడ అవతల పడ్డవీ ఊరుకోలేదు. పక్కింట్లో ఉండే రిటైరైన కండక్టర్ సార్ ఒక పొద్దున గోడ మీదుగా తల పెట్టి, "ఏందమ్మా, మీ పుదీన మా బోరు కాడికొచ్చింది. టికెట్ లేకుంటనే ఎక్కింది!" అన్నాడు. ఆయనకు నవ్వులాట; నాకు ప్రాణసంకటం. సంచుల నిండా కోసి ఆఫీసుకు మోసుకెళ్లి పంచాను. మొదటి వారం చేతులు చాపినవాళ్లే మూడో వారానికి నా సంచి కనబడితే ఫైళ్లలో తలలు దూర్చుకున్నారు.

అంతలో ఫోన్ వచ్చింది: కూతురు నడుస్తోంది, రేపు పొద్దుటి బస్సుకు వస్తున్నానని. ఉన్నమాట చెప్పేద్దామని నోరు తెరిచాను. "మంచిగ రాండ్రి పెద్దమ్మా" అన్న మాటే వచ్చింది. మర్నాడు పొద్దున్నే లేచి బట్టలు, గిన్నెలు సంచిలో సర్దుకుని గడప మీద కూర్చున్నాను.

పెద్దమ్మ ఆటో దిగి తిన్నగా పెరట్లోకి పోయింది. ఆమె తిరిగొచ్చి నన్నూ, నా సంచినీ మార్చి మార్చి చూసింది.

"పచ్చగుందంటే గిదానే?"

సంచిని నా వెనక్కి జరుపుకున్నాను.

"ఊరికి పోతున్నవా?"

"లేదు పెద్దమ్మా... మీరు ఖాళీ జెయ్యమంటరని..."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని నేనే ముందు ఏడ్చేశాను. తీరా చూస్తే నవ్వుతోంది. "పిచ్చిపిల్లా! ఖాళీ చెయ్యాల్సింది అది, నువ్వు కాదు. లే, చీర మార్చుకొస్త. నువ్వు నీళ్లు తోడు."

మడి బాగా తడిపించి, నేల మెత్తబడ్డాక తీగను చివరి నుంచి పట్టుకుని తెగకుండా మెల్లగా లాగడం నేర్పింది. "పారతోని కొడితే ఒక్కటి పదైతది. మొదలంట రావాలె." పీకిన తీగలను ఎక్కడా పారెయ్యనివ్వక మేడ మీద ఎండకు పరిపించింది. మధ్యాహ్నానికి పుదీనా కింద కనకాంబరాలు బయటపడ్డాయి. ఎండ కోసం మెడలు సాచి సన్నగా, పాలిపోయి ఉన్నా, ఒక్కటీ చావలేదు! మూడు నెలల తరవాత ఆ రోజే నేను గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాను. రెండు ఆదివారాలకు మడి శుభ్రమైంది. ఒక్క తీగను మాత్రం ఆమె పాత బకెట్లో నాటి, అడుగు చిల్లుల గుండా మళ్లీ మట్టిలోకి దిగకుండా బండ మీద పెట్టించింది. కండక్టర్ సార్ బోరు దగ్గరిది కూడా మేమే పోయి పీకాం. ఆయన మాకు చాయ్ ఇచ్చి, "కొంచెం ఉంచుండ్రమ్మా, బిర్యానికి ఉంటది" అన్నాడు.

ఇప్పుడు నాకు ఇదే వనపర్తిలో సొంత ఇల్లుంది. చుట్టూ అంతా సిమెంటే. జానెడు మట్టి లేదు, ఏ మొక్కా ఎటూ పాకే ప్రమాదం లేదు. ఇంత నిశ్చింతగా ఉన్నందుకు సంతోషించాలి. కానీ ఒక్కోసారి, మోచేతుల దాకా బురదతో, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ తీగలు లాగిన ఆ పిల్లను తలచుకుంటే, కాస్త ఈర్ష్యగానే ఉంటుంది.