అంకన్న ఇంటి కప్పు

అర్ధవీడు దగ్గరి ఆ పల్లెలో ప్రతి ఇంటికీ బోదగడ్డి కప్పింది అంకన్నే. తెల్లదొరల నాటి ఒక వేసవిలో సుడిగాలి కప్పులన్నీ ఎత్తుకుపోయి, ఆకాశాన్ని ఇళ్లలోకి దించింది. దూలం పడి అంకన్న కుడిచెయ్యి విరిగింది.

ఊరివాళ్లు ముందు అతని ఇల్లే కప్పసాగారు. అయితే చూరు నుంచి పైకి కప్పవలసిన గడ్డిని కొప్పు నుంచి కిందికి కప్పుకొచ్చారు. అట్లా కప్పితే వాననీరు వరసల సందుల్లోకి దిగుతుంది. అంత ఆపేక్షకు వంక పెట్టడానికి అంకన్నకు మొదట మనసొప్పలేదు. నల్లమల మీద మబ్బు కమ్మేసరికి కింది నుంచి కేకేశాడు.

"విప్పండి. చూరు కాడి నుంచి కట్టండి."

"మా ఇండ్లు ఇడిసిపెట్టి నీది కప్పుతాంటే తప్పులు పడతావేంది మామా?" పైనుంచి కసిరాడు పక్కింటి నాగులు.

"నాది కారితే కారనీలే అల్లుడా. రేపు మీ ఇండ్లు కప్పేది గూడా మీ ఈ చేతులే గదా!"

నాగులు కొప్పు దాకా పాకి, తను కట్టిన మొదటి కట్టను విప్పాడు.