పేటలో ఎర్ర ట్రాక్

కాలేజీల పరుగుపందేలకని శ్రీకాకుళం నుంచి చిలకలూరిపేట వెళ్లాను. గేటు దగ్గర నుంచి చూస్తే మైదానం చుట్టూ ఎర్రటి ట్రాక్! సింథటిక్ అనుకుని సంబరపడ్డాను. దగ్గరికెళ్తే అన్నీ ఎండబోసిన మిరపకాయలు.

"తొక్కమాకు బాబూ, పొద్దున్నే ఎత్తేస్తాం," అంది కాయలు తిరగేస్తున్న ఆవిడ, ముక్కుకు కట్టుకున్న గుడ్డలోంచి.

అన్నట్టే ఎత్తేశారు. మర్నాడు వంద మీటర్ల పందేనికి ఆ ఊరి కుర్రాడొకడు ముక్కుకు రుమాలు కట్టుకొచ్చాడు. దొంగలా ఉన్నాడని నవ్వుకున్నాం. వంగి నేలకు చేతులానించామో లేదో, మిగిలిన ఘాటుకు మాకందరికీ ఒకటే తుమ్ములు. మేం తేరుకునేసరికి అతను రిబ్బను తెంపేశాడు.

కంచె దగ్గర ఆవిడ చప్పట్లు కొడుతోంది.

"గుడ్డ సంగతి నిన్ననే చెప్పొచ్చు కదండీ!" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"చెబితే మావాడు ఎట్టా గెలుస్తాడు?"