నలభై ఒక్కమంది కూర్చున్న కోర్టు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. మా అక్క కూతురు సునీత మీద అత్యాచారం చేసినవాడి కేసు అమలాపురం కోర్టులో అప్పటికి నాలుగేళ్లుగా నడుస్తోంది. ఆ నాలుగేళ్లలో వాయిదాలకు పోయిన రోజులు ఇరవై మూడు. దాని టీచర్ ట్రైనింగులో పోయింది ఒక ఏడాది. మా వీధిలో పలకరింపు మానేసిన ఇళ్లు ఆరు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. బండారులంకలో మగ్గాలకు నూలు లెక్కలు చూసి చూసి, దేన్నీ లెక్కపెట్టకుండా ఉండలేను.

గురువారం సునీత సాక్ష్యం చెప్పాలి. "కోర్టు నిండా జనం ఉంటారు పిన్నీ. వాళ్లందరి ముందూ నేను చెప్పలేను. రాను" అనేసింది. ఇలాంటి కేసు మీదే ఒకావిడ తీసిన సినిమాను ఆదివారం కొత్తపేటలో మహిళా సంఘం వాళ్లు వేస్తున్నారని తెలిసింది. చూస్తే ధైర్యం వస్తుందని బతిమాలి తీసుకెళ్లాను.

పదకొండున్నరకు ఆటోలో అమలాపురం, మనిషికి మూడు రూపాయలు. పన్నెండూ పదికి రావులపాలెం బస్సు, కొత్తపేటకు తొమ్మిది. సీటు కావాలంటే బస్టాండులోనే ఎక్కాలి. మా పక్కన తమలపాకుల బుట్టతో ఒకావిడ కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"సినిమాకాండీ? హీరో ఎవరండీ?"

"హీరో లేడండి."

"టిక్కెట్టెంతండీ?"

"ఊరికేనండి."

"అదీ సంగతి. హీరో ఉంటే ఊరికే ఎందుకు చూపిస్తారు" అందావిడ. సునీత నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి.

దిగాక హోటల్లో రెండు భోజనాలు. రెండింటికి కల్యాణమండపంలో తెర కట్టి సినిమా మొదలుపెట్టేరు. గంటా ఇరవై నిమిషాలు. కోర్టు సీను రాగానే నా ఆశ తలకిందులైంది. కిక్కిరిసిన గదిలో ఆ అమ్మాయిని ప్లీడరు ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే వెనక బెంచీల వాళ్లు మెడలు సాచి వింటున్నారు. సునీత నా చెయ్యి వదిలించుకుని బయటికెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది.

సినిమా అయ్యాక, తీసినావిడా ఒక లేడీ ప్లీడరుగారూ ముందు కూర్చున్నారు. ఏమైనా అడగమన్నారు. నేను లేచాను.

"మీ కోర్టులో నలభై ఒక్కమంది కూర్చున్నారండి. వాళ్లంతా ఎవరండీ?"

"లెక్కపెట్టేరా?" అన్నారు తీసినావిడ.

"ఆయ్."

ఆవిడ ప్లీడరుగారి వైపు చూశారు. "వాళ్లక్కడ ఉండకూడదండి" అన్నారు ప్లీడరుగారు. "ఇలాంటి కేసు తలుపులు మూసి వినాలని చట్టంలోనే ఉంది. మీకెవరూ చెప్పలేదా?"

ఇరవై మూడు వాయిదాల్లో ఎవరూ చెప్పలేదు.

"జనం ఉంటే సీను పండుతుందని పెట్టేను. తప్పేనండి" అన్నారు తీసినావిడ.

గుమ్మం దగ్గర నుంచి సునీత గొంతు వినబడింది. "తలుపు మూస్తే లోపల ఎంతమంది ఉంటారండీ?"

ప్లీడరుగారు వేళ్లు మడిచారు. జడ్జిగారు, రాసుకునే గుమాస్తాలు ఇద్దరు, ప్లీడర్లు ఇద్దరు, ముద్దాయి, వాడి పక్కన కానిస్టేబులు. "తోడుగా మీ మనిషిని ఒకరిని ఉండనివ్వమని అడగండి. ఒప్పుకుంటే ఎనిమిది" అన్నారు.

తిరుగు బస్సు అయిదూ ఇరవైకి దొరికింది. సగం దారిలో సునీత నా వైపు తిరిగింది.

"ఎనిమిదిమందిలో ఒకదానివి నువ్వేగా పిన్నీ?"

"నేనే."

"అయితే ఏడుగురే. గురువారం ఎన్నింటికి బయల్దేరదాం?"

పొద్దున్న ఎనిమిదిన్నరకన్నాను.

ఆ గురువారం అర్జీ పెట్టుకున్నాం. తలుపు మూశారు. నన్ను ఉండనిచ్చారు. పదకొండూ పది నుంచి పన్నెండూ యాభై వరకు సునీత నిలబడి, ఎక్కడా ఆగకుండా చెప్పింది. ధైర్యం కోసం తీసుకెళ్లిన సినిమా దాన్ని బయటికి తరిమింది. కానీ ఆ సినిమాలోని తప్పే మాకు పనికొచ్చింది. బస్సూ ఆటో కలిపి ఇద్దరికీ రానూపోనూ నలభై ఎనిమిది రూపాయలు. నేను చేసిన ప్రయాణాలన్నిటిలో ఇంతకంటే గిట్టుబాటైనది లేదు.

ఆ తర్వాత మరో ఎనిమిది వాయిదాలు పడ్డాయి. సునీత ట్రైనింగు పూర్తిచేసి బడిలో చేరింది. వాయిదా రోజున సెలవు పెట్టి వస్తుంది. తను చెప్పవలసింది గంటా నలభై నిమిషాల్లో చెప్పేసింది. కోర్టు చెప్పవలసిన తీర్పు ఒకటి, ఇంకా రావాలి.